నాన్నగారి ఎమ్మారైలో తెల్ల మచ్చలు, నల్ల చుక్కలు: పక్షవాతం వస్తుందని అర్థమా?

ప్రశ్న: మా నాన్నగారికి 66 ఏళ్ళు. పన్నెండేళ్ళుగా బీపీ ఉంది, షుగర్ లేదు. మాత్ర వేసుకుంటారు కానీ బాగానే ఉన్నానంటూ మధ్యమధ్య మానేస్తుంటారు. మూడు వారాల క్రితం పక్క మీద అటు తిరగ్గానే గది గిర్రున తిరిగిందన్నారు. ఎమ్మారై తీయించాం. రిపోర్టులో 'క్రానిక్ స్మాల్ వెసెల్ ఇస్కీమిక్ చేంజెస్, ఫజెకాస్ గ్రేడ్ 2' అనీ, 'ఎడమ వైపు పాత లాక్యునార్ ఇన్‌ఫార్క్ట్' అనీ, 'రెండు మైక్రోబ్లీడ్స్' అనీ ఉంది. ఆయనకు ఎప్పుడూ పక్షవాతం రాలేదు. ఒక డాక్టరుగారు వెంటనే ఎకోస్ప్రిన్ (రక్తం పలచబరిచే ఆస్పిరిన్ మాత్ర) మొదలుపెట్టమన్నారు. ఇంకొకరు మెదడులో రక్తపు చుక్కలున్నాయి, అసలు ముట్టుకోవద్దన్నారు. ఈ రిపోర్టు ఉంటే పక్షవాతం వచ్చి తీరుతుందా? ఇంట్లో అందరం టెన్షన్‌లో ఉన్నాం.

జవాబు:

చివరి ప్రశ్నకు ముందు జవాబు చెప్పేస్తాను, మిగతాది నిదానంగా చదువుకోవచ్చు. వచ్చి తీరదు. ఈ రిపోర్టులో ఉన్నవన్నీ ఉండి కూడా ఎనభై దాటి హాయిగా తిరిగేవాళ్ళను చాలామందిని చూశాను. అలాగని రిపోర్టును బీరువాలో పడేసి మర్చిపోయేదీ కాదు. ఇరవై రెండేళ్ళుగా న్యూరాలజీలో ఉన్నాను. ఇలాంటి రిపోర్టు పట్టుకుని వచ్చేవాళ్ళలో ఎక్కువమంది మచ్చల గురించి పది ప్రశ్నలు అడుగుతారు, బీపీ గురించి ఒక్కటీ అడగరు. మీరు కనీసం మాత్ర మానేస్తున్నారన్న సంగతి రాశారు. నా దృష్టిలో మీ ప్రశ్న మొత్తంలో ముఖ్యమైన వాక్యం అదే.

అసలు స్కాన్ దేనికి తీశారో దాని సంగతి ముందు తేల్చుకుందాం. పక్క మీద అటు తిరిగితే గది తిరగడం, కాసేపట్లో తగ్గిపోవడం అన్నది చాలాసార్లు చెవికి సంబంధించిన సమస్య. లోపలి చెవిలో ఉండే సన్నటి సున్నపు రేణువులు చోటు తప్పి పక్కనున్న గొట్టాల్లోకి జారితే అలా అవుతుంది. పరీక్ష బల్ల మీద పడుకోబెట్టి తలను ఒక వరసలో తిప్పితే (ఎప్లీ అంటారు) చాలామందికి ఒకటి రెండుసార్లలోనే తగ్గిపోతుంది. ఈఎన్‌టీ డాక్టరుగారికి గానీ న్యూరాలజిస్టుకు గానీ ఒకసారి చూపించండి. అంటే తల తిరగడానికి కారణం ఒకటీ, స్కాన్‌లో కనిపించింది మరొకటీ అయ్యే అవకాశం బాగా ఉంది. దీని కోసం వెతికితే అది దొరికిందన్నమాట. ఇది ఎంత మామూలో చెప్పాలంటే, నెదర్లాండ్స్‌లోని రోటర్‌డామ్‌లో మామూలు జనంలోంచి 2000 మందికి ఎమ్మారై తీసి 2007లో ఫలితాలు ప్రకటించారు. వాళ్ళలో 7.2 శాతం మంది మెదడులో వాళ్ళకు తెలియని పాత ఇన్‌ఫార్క్ట్‌లు (రక్తం అందక చచ్చుబడిన చోట్లు), 1.8 శాతం మందిలో రక్తనాళం ఉబ్బులు బయటపడ్డాయి.

ఇక తెల్ల మచ్చలు. మీది కృష్ణా డెల్టానో గోదావరి డెల్టానో అయితే ఇది తేలిగ్గా అర్థమవుతుంది. మెదడు లోతట్టున, నీటి గదుల చుట్టూ ఉండే తెల్ల పదార్థం ఆయకట్టు చివరి భూముల లాంటిది. అక్కడికి రక్తం తెచ్చేవి వెంట్రుకంత సన్నటి ధమనులు. పెద్ద కాలువలో నీళ్ళు నిండుగా ఉన్నా, పిల్లకాలువ పూడుకుపోతుంటే చివరి పొలానికి తడి సరిగ్గా అందదు. ఏళ్ళ తరబడి ఎక్కువ బీపీ పడ్డ సన్నటి ధమనుల గోడలు మందమెక్కి బిరుసవుతాయి. తడి చాలక దెబ్బతిన్న ఆ చోట్లే ఎమ్మారైలో ఫ్లెయిర్ అనే రకం చిత్రాల్లో తెల్లగా మెరుస్తాయి. పిల్లకాలువ ఒకటి పూర్తిగా మూసుకుపోయి దాని కిందున్న చిన్న మడి ఎండిపోతే అది లాక్యునార్ ఇన్‌ఫార్క్ట్. తర్వాత అక్కడ 3 నుంచి 15 మిల్లీమీటర్ల గుంట మిగులుతుంది. గట్టు బలహీనపడి కాస్త చెమ్మ బయటికి ఊరితే అది మైక్రోబ్లీడ్. రక్తంలోని ఇనుము అక్కడే ఉండిపోవడం వల్ల ఎస్‌డబ్ల్యుఐ అనే ఇంకో రకం చిత్రాల్లో నల్ల చుక్కలా కనిపిస్తుంది. అంటే రిపోర్టులో మూడు జబ్బులు లేవు. ఒకే కాలువ వ్యవస్థ పాడైతే మూడు చోట్ల మూడు రకాలుగా బయటపడింది.

ఫజెకాస్ అన్నది జబ్బు పేరు కాదు, మనిషి పేరు. ఆస్ట్రియాకు చెందిన ఫ్రాంజ్ ఫజెకాస్ తన సహచరులతో కలిసి 1987లో పెట్టిన కొలత ఇది. మచ్చలు లేకపోతే 0, విడివిడి చుక్కలైతే 1, ఒకదానితో ఒకటి కలవడం మొదలైతే 2, పెద్ద పెద్ద మేఘాల్లా కలిసిపోతే 3. ఆయన దాన్ని పెట్టింది అల్జీమర్స్ ఉన్నవాళ్ళ మెదడునూ మామూలు వృద్ధుల మెదడునూ పోల్చడానికి. పక్షవాతం జోస్యం చెప్పడానికి కాదు. అందుకే 'గ్రేడ్ 2' అనగానే క్యాన్సర్ స్టేజి విన్నట్టు బెదిరిపోనక్కర్లేదు. రోటర్‌డామ్‌లోనే 60 నుంచి 90 ఏళ్ళవాళ్ళను చూస్తే, ఎక్కడా ఒక్క తెల్ల మచ్చా లేనివాళ్ళు సుమారు 5 శాతమే తేలారు. 66 ఏళ్ళకు గ్రేడ్ 1 అయితే నేను తల కూడా ఎత్తను. గ్రేడ్ 2 అయితే బీపీ చీటీ చూపించమంటాను.

మరి ముప్పు సంగతి? ఉంది. 2010లో అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలన్నిటినీ కలిపి లెక్కవేస్తే, తెల్ల మచ్చలు ఎక్కువగా ఉన్నవాళ్ళకు స్ట్రోక్ (పక్షవాతం) ముప్పు సుమారు 3.3 రెట్లు, మతిమరుపు జబ్బు ముప్పు 1.9 రెట్లు అని తేలింది. మీరు నెట్‌లో చూసి భయపడింది బహుశా ఈ 'మూడు రెట్లు' చూసే. రెట్లు అన్నప్పుడు దేనికి రెట్లు అని అడగాలి. ఉదాహరణకు, ఏడాదికి రెండొందల మందిలో ఒకరికి స్ట్రోక్ వచ్చే గుంపు ఉందనుకోండి. మూడు రెట్లంటే అది ముగ్గురవుతుంది. మిగతా 197 మందికి ఆ ఏడాది ఏమీ కాదు. నోరులేని ఇన్‌ఫార్క్ట్‌ల (ఏ లక్షణమూ చూపకుండా వచ్చిపోయినవాటి) లెక్కా అంతే. రోటర్‌డామ్‌లో వెయ్యిమందికి పైగా పెద్దవాళ్ళను నాలుగేళ్ళ పైచిలుకు గమనించి 2003లో రాశారు. ప్రతి అయిదుగురిలో ఒకరికి అలాంటి ఇన్‌ఫార్క్ట్ ఉంది. లేనివాళ్ళతో పోలిస్తే ఉన్నవాళ్ళకు స్ట్రోక్ చాలా ఎక్కువగా వచ్చింది, వయసు, బీపీ లాంటివి సరిచూశాక కూడా దాదాపు నాలుగు రెట్లు. కానీ అందరినీ కలిపితే ఆ నాలుగేళ్ళలో స్ట్రోక్ వచ్చింది 57 మందికి. ముప్పు నిజమైనదే, అయినా ఆ గుంపులో స్ట్రోక్ రానివాళ్ళే చాలా ఎక్కువమంది.

ఇక్కడ నా సొంత సంగతి ఒకటి. నలభై ఆరేళ్ళప్పుడు విపరీతమైన పార్శ్వపు నొప్పితో నా తలకే ఎమ్మారై తీయించుకున్నాను. నాలుగు తెల్ల చుక్కలు. రోగులకు రోజూ చెప్పే మాటలేవీ ఆ రాత్రి నాకు గుర్తు రాలేదు. మైగ్రేన్ ఉన్నవాళ్ళలో అలాంటి చుక్కలు మామూలే అని పుస్తకంలో ఎన్నిసార్లు చదివానో. అయినా తెల్లవారుజామున రెండింటికి లేచి, చెయ్యి ఎత్తి చూసుకుని, అద్దంలో నవ్వి చూసుకున్నాను. మా ఆవిడ లేచి, 'ఏమిటా నవ్వు' అంది. కాబట్టి మీ ఇంట్లో టెన్షన్ నాకు తెలుసు.

ఇప్పుడు అసలు చిక్కు, ఎకోస్ప్రిన్. ఇద్దరు డాక్టర్లూ తప్పు చెప్పలేదు. ఒకరు తెల్లదాన్ని చూసి మాట్లాడారు, ఇంకొకరు నల్లదాన్ని చూసి మాట్లాడారు. నేనైతే ఈ రెండూ పక్కనపెట్టి ముందు మీ నాన్నగారితో అరగంట కూర్చుంటాను. ఆ ఎడమ వైపు ఇన్‌ఫార్క్ట్ నిజంగా నోరులేనిదేనా అన్నది తేలాలి. ఎడమ మెదడు కుడి చేతిని, కుడి కాలిని నడిపిస్తుంది. గత కొన్నేళ్ళలో ఎప్పుడైనా కుడి చేతిలోంచి గ్లాసు జారిందా? అన్నం కలుపుతుంటే వేళ్ళు మొద్దుబారాయా? ఒక పూట మాట ముద్దగా వచ్చిందా? కుడి కాలి చెప్పు తెలియకుండా ఊడిపోయిందా? 'ఎప్పుడైనా పక్షవాతం వచ్చిందా' అంటే మనవాళ్ళు 'లేదు' అనే అంటారు, ఎందుకంటే వాళ్ళ లెక్కలో పక్షవాతమంటే మంచాన పడటమే. ఒక రైతు నాలుగుసార్లు లేదన్నాడు. అయిదోసారి ఆయన భార్య అందుకుని, 'మొన్న దసరాకి కాదూ, చెయ్యి పడిపోయిందని గంటసేపు పిసికించుకున్నావు' అంది. నిద్రలో చెయ్యి కింద పడి తిమ్మిరెక్కిందని అనుకున్నాడట. కాబట్టి ఈ ప్రశ్నలు అడిగేటప్పుడు అమ్మగారు పక్కన ఉండేలా చూసుకోండి.

అలాంటిది ఒక్కటి జరిగినట్టు తేలినా లెక్క మారిపోతుంది. అది మినీ స్ట్రోక్ (కాసేపట్లో దానంతటదే తగ్గిపోయేది) గానీ చిన్న స్ట్రోక్ గానీ అయినట్టు. అప్పుడు రక్తం పలచబరిచే మాత్ర, స్టాటిన్ (కొలెస్ట్రాల్ తగ్గించే మాత్ర) రెండూ అవసరమే. రెండు మైక్రోబ్లీడ్స్ ఉన్నాయని వాటిని ఆపక్కర్లేదు. స్ట్రోక్ గానీ మినీ స్ట్రోక్ గానీ వచ్చిన 20,000 మందికి పైగా రోగుల వివరాలు కలిపి 2019లో చూసినప్పుడు, మైక్రోబ్లీడ్స్ ఉన్నవాళ్ళలో మెదడులో రక్తస్రావం ముప్పు పెరిగిన మాట నిజమే. కానీ చుక్కలు ఎన్ని ఉన్నా, ఎక్కడ ఉన్నా, రక్తనాళం మూసుకుపోయి వచ్చే స్ట్రోకే లెక్కలో ఎక్కువగా ఉంది.

అలాంటిదేమీ జరగలేదని గట్టిగా తేలితే మాత్రం, కేవలం స్కాన్‌లో కనిపించిందని ఎకోస్ప్రిన్ మొదలుపెట్టడానికి నేను ఒప్పుకోను. యూరప్ స్ట్రోక్ సంస్థ 2021 మార్గదర్శకాల్లోనూ ఇదే ఉంది: లక్షణాలు లేని ఈ సన్న రక్తనాళాల జబ్బుకు, వేరే కారణం లేకుండా, రక్తం పలచబరిచే మాత్రలు వద్దు. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ళలో ఆస్పిరిన్ పరీక్షించిన ఆస్ప్రీ అధ్యయనంలో 19,000 మందికి పైగా ఉన్నారు, ఎక్కువమంది 70 దాటినవాళ్ళు. 2018లో ఫలితం వచ్చింది. గుండె జబ్బులూ స్ట్రోకూ చెప్పుకోదగ్గంత తగ్గలేదు, రక్తస్రావాలు పెరిగాయి. 'వేస్తే పోయేదేముంది' అనుకుని వేసే మాత్ర కాదది. గుండెకు స్టెంట్ ఉండటం లాంటి కారణం ఉంటే అది వేరే విషయం. అప్పుడు దాన్ని మీ అంతట మీరు ఆపనూ కూడదు.

మైక్రోబ్లీడ్స్ ఎక్కడున్నాయన్నది మీ రిపోర్టులో లేదు, ఉండాల్సింది. బేసల్ గ్యాంగ్లియా, థాలమస్ లాంటి లోతు చోట్ల ఉంటే కారణం సాధారణంగా బీపీ. మెదడు పైపొర దగ్గర మాత్రమే ఉంటే రక్తనాళాల గోడల్లో అమిలాయిడ్ అనే ప్రోటీన్ పేరుకునే ఇంకో జబ్బును అనుమానించాలి. దాంట్లో పెద్ద రక్తస్రావాల ముప్పు ఎక్కువ కాబట్టి ఆస్పిరిన్ విషయంలో చెయ్యి బిగపడతాం. సీడీ పట్టుకెళ్ళి రేడియాలజిస్టును ఈ ఒక్క ప్రశ్న అడగండి. రెండు నిమిషాల పని. అడిగేటప్పుడే రిపోర్టులో 'రెస్ట్రిక్టెడ్ డిఫ్యూజన్ లేదు' అన్న మాట ఉందో లేదో చూడండి. ఉంటే తాజాగా ఏర్పడిన ఇన్‌ఫార్క్ట్ ఏదీ కనబడలేదని అర్థం. రిపోర్టు మొత్తంలో మీరు ముందు చదవాల్సిన మాట అదే. సాధారణంగా అది రెండో పేజీ చివర్లో ఎక్కడో ఉంటుంది.

ఇంకో రెండు పరీక్షలు. ఒకటి ఈసీజీ, గుండె లయ తప్పి కొట్టుకుంటోందేమో చూడటానికి. లయ తప్పితే గుండెలో గడ్డలు కట్టి మెదడుకు చేరతాయి, దానికి వాడే మందులు వేరు. రెండోది రక్తనాళాల చిత్రం. మెడ డాప్లర్ (మెడ ధమనులకు చేసే అల్ట్రాసౌండ్) ఒక్కటీ చేయించి ఊరుకుంటారు చాలామంది. తెల్లవాళ్ళలో మెడ దగ్గరి ధమనులు ఎక్కువగా సన్నబడితే, మనవాళ్ళలోనూ చైనావాళ్ళలోనూ పుర్రె లోపలి ధమనులు సన్నబడటం ఎక్కువ. హైదరాబాద్ నిమ్స్‌లో నడిపిన స్ట్రోక్ రిజిస్ట్రీలోనూ ఇదే కనిపించింది. మెడ డాప్లర్‌లో ఇది తెలియదు. ఎమ్మారై మిషను మీదే రక్తనాళాలను చిత్రం తీసే ఎమ్మార్ యాంజియోలో తెలుస్తుంది. అప్పటికే తీసిన ఎమ్మారైతో పాటు అదీ చేసి ఉండవచ్చు, చూడండి. ఒకవేళ సన్నబడినట్టు తేలినా వెంటనే స్టెంట్ కోసం పరుగెత్తకండి. లక్షణాలు ఉన్నవాళ్ళలోనే, 70 శాతం పైగా మూసుకుపోయినవాళ్ళలోనే స్టెంటునూ మందులనూ అమెరికాలో పోల్చి చూశారు. 2011లో వచ్చిన ఆ ఫలితంలో 30 రోజుల్లోపు స్ట్రోక్ లేదా మరణం స్టెంట్ వేసిన గుంపులో 14.7 శాతం, మందులతో సరిపెట్టిన గుంపులో 5.8 శాతం.

ఇక బీపీ. దీని గురించి ఎంత రాసినా తక్కువే. తెల్ల మచ్చలు పెరగకుండా నెమ్మదింపజేసినట్టు గట్టి పరీక్షలో తేలింది దీన్ని తగ్గించడమే. అమెరికాలో జరిగిన స్ప్రింట్ అధ్యయనంలో ఒక గుంపుకి పై బీపీ 120 లోపు, ఇంకో గుంపుకి 140 లోపు ఉంచాలని పెట్టుకున్నారు. సుమారు నాలుగేళ్ళ తర్వాత మళ్ళీ ఎమ్మారై తీస్తే మచ్చల పరిమాణం మొదటి గుంపులో 0.92 ఘనపు సెంటీమీటర్లు పెరిగింది, రెండో గుంపులో 1.45. ఉన్న మచ్చ చెరిగిపోతుందని దీనర్థం కాదు. కొత్తవి తగ్గుతాయి. ఆ పరీక్షలో షుగర్ ఉన్నవాళ్ళు లేరు. మీ నాన్నగారికి షుగర్ లేదు కాబట్టి ఫలితం ఆయనకు దగ్గరగానే ఉంటుంది. సాధారణంగా మేము 130/80 లోపు ఉంచాలని చూస్తాం. 120కి దించాలా అన్నది ఆయన నిలబడ్డప్పుడు బీపీ ఎంత పడిపోతోందో చూసి తేల్చాలి. అసలే తల తిరుగుతోందంటున్న మనిషి బాత్రూంలో పడి తుంటి విరిగితే అదింకో కథ.

అందుకే ఇంట్లో బీపీ మిషను కొనండి. మణికట్టుకి కట్టేది కాదు, భుజానికి కట్టేది. కాఫీ, సిగరెట్టు అయ్యాక అరగంట ఆగాలి. వీపు ఆనించి అయిదు నిమిషాలు మాట్లాడకుండా కూర్చోవాలి, పట్టీ గుండె ఎత్తులో ఉండాలి. పొద్దున రెండుసార్లు, సాయంత్రం రెండుసార్లు, ఏడు రోజులు చూసి కాగితం మీద రాయండి. మొదటి రోజు లెక్క తీసేయండి. ఒక రోజు మాత్రం లేచి నిలబడ్డ ఒక నిమిషానికీ మూడు నిమిషాలకీ కూడా చూడండి. 'నాకు తెలుస్తుంది, బీపీ ఎక్కితే తల బరువెక్కుతుంది' అంటారు పెద్దవాళ్ళు. తెలియదు. ఆ నమ్మకంతోనే మాత్ర మానేస్తారు. మీ నాన్నగారు మానడానికి కారణం కూడా కోప్పడకుండా కనుక్కోండి. కొన్ని బీపీ మాత్రలకు కాళ్ళు వాస్తాయి, కొన్నిటికి పొడి దగ్గు వస్తుంది. డాక్టరుకు చెబితే మాత్ర మారుస్తారు. చెప్పకుండా మానేస్తే అందరూ వేసుకుంటున్నారనే అనుకుంటారు.

ఉప్పు సంగతి కొత్తగా చెప్పక్కర్లేదు. పూర్తిగా చప్పిడి కూడు పెట్టకండి, నాలుగు రోజుల్లో తిరగబడతారు. ఆవకాయ, అప్పడం, వడియం, మజ్జిగలో వేసుకునే ఉప్పు, ఈ నాలుగింటి మీద కన్నేస్తే చాలావరకు తగ్గుతుంది. చుట్ట, బీడీ ఉంటే పూర్తిగా మానాలి, దాంట్లో బేరం లేదు. గట్టిగా గురక పెడుతూ మధ్యలో ఊపిరి ఆగినట్టుంటే అది కూడా డాక్టరుకు చెప్పండి, బీపీ లొంగకపోవడానికి అదీ ఒక కారణం.

ప్రతి ఏడాదీ ఎమ్మారై తీయించమని ఎవరైనా అంటే దేనికని అడగండి. కొత్త లక్షణం లేకుండా మచ్చలు లెక్కపెట్టుకోవడం వల్ల మందు మారదు, మీ నిద్ర పోతుంది.

ఒక్కటి మాత్రం ఇంట్లో అందరికీ తెలిసి ఉండాలి. మూతి ఒక పక్కకి పోవడం, ఒక చెయ్యి కిందికి జారిపోవడం, మాట ముద్దగా రావడం, ఈ మూడింట్లో ఏది హఠాత్తుగా కనిపించినా 108కి ఫోన్ చేసి, సీటీ స్కాన్ ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. గడ్డ కరిగించే ఇంజెక్షన్‌కి సమయం నాలుగున్నర గంటలే, అది కూడా ఆయన చివరిసారి బాగా ఉన్న క్షణం నుంచి. ఆ టైము గుర్తుపెట్టుకోండి. సీటీ కాకుండా ఇంట్లో ఎకోస్ప్రిన్ నోట్లో వేయకండి, రక్తస్రావం అయి ఉంటే అది నష్టం చేస్తుంది. పది నిమిషాల్లో తగ్గిపోయినా వెళ్ళాల్సిందే. పావురం రక్తం రాయించడానికి పక్క ఊరికి తీసుకెళ్ళి, సాయంత్రానికి మా దగ్గరికి తెచ్చినవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు.

రిపోర్టు రాతలను బట్టి చెప్పిన మాటలివి, చిత్రాలు నేను చూడలేదు. మిమ్మల్ని చూస్తున్న డాక్టరుగారితో ఇవన్నీ మాట్లాడండి. మూడు సంగతులు తెలిశాక వీలైతే ఇక్కడే కింద రాయండి: మైక్రోబ్లీడ్స్ లోతుగా ఉన్నాయా పైపొర దగ్గరా, అమ్మగారు ఏం గుర్తుచేశారు, ఏడు రోజుల బీపీ రీడింగులు ఎలా ఉన్నాయి. ఎకోస్ప్రిన్ సంగతి అప్పుడు ఇంకాస్త గట్టిగా మాట్లాడుకుందాం.